సూటిగా చెప్పాలా, మెత్తగా చెప్పాలా: ఎక్కడ ఏది పనికొస్తుంది

మా నాన్న ప్రభుత్వ ఉద్యోగి. మా పెదనాన్న కొడుకు ఒకసారి చిట్టీ పాడుకుని, ష్యూరిటీకి సంతకం, జీతం సర్టిఫికెట్ కావాలని ఇంటికి వచ్చాడు. నాన్నకు ఇష్టం లేదు. కానీ అన్న కొడుకు మొహం మీద "పెట్టను" అనలేక "చూద్దాంలేరా" అన్నాడు. నాన్న లెక్కలో అది కాదనడమే. అన్నయ్యకు మాత్రం "సరే, రెండు రోజులు ఆగు" అన్నట్టు వినిపించింది. వెళ్లి చిట్టీ ఆఫీసులో నాన్న పేరు రాయించేశాడు. కాగితాలు ఇంటికి వచ్చాక ఇక కాదనే దారి లేక నాన్న సంతకం పెట్టాడు. ఏడాది తిరక్కుండా అన్నయ్య వాయిదాలు కట్టడం ఆపేశాడు. నాన్న జీతంలో నెలనెలా కోత పడింది. రెండు కుటుంబాల మధ్య ఆరేళ్లు మాటల్లేవు.

అదే ఇంట్లో అమ్మ "బియ్యం నిండుకున్నాయండీ" అనేది. లేవు అనే మాట ఇంట్లో వినబడకూడదని ఆమె పట్టింపు. నాన్న మారుమాట లేకుండా సంచి తీసుకుని కొట్టుకు బయల్దేరేవాడు. దీపం కొండెక్కింది అంటాం, ఆరిపోయింది అనం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్లొస్తాను అంటాం. పెద్దవాళ్లు పోతే కాలం చేశారంటాం. మెత్తని మాటలే అన్నీ. అయినా విన్నవాళ్లకు విషయంలో వీసమెత్తు తగ్గకుండా చేరుతుంది.

సూటిగా మాట్లాడాలా, నొప్పించకుండా మాట్లాడాలా అని తర్జనభర్జన పడేవాళ్లకు నేను చూపించే కొలత ఈ బియ్యం మాటే. మీరు మాట్లాడాక ఎదుటివాళ్లు సంచి తీసుకుని బయల్దేరారా? బయల్దేరితే మీరు ఎంత మెత్తగా చెప్పినా ఫరవాలేదు. కూర్చున్నచోటే కూర్చున్నా, వేరే దారి పట్టినా మీరు ఇంకా ఏమీ చెప్పనట్టే. నాన్న "చూద్దాంలేరా" అలాంటిది.

లౌక్యం వేరు, మొహమాటం వేరు

ఈ చర్చలో రెండు పక్షాలే ఉన్నట్టు మాట్లాడుకుంటాం. నిజానికి నాలుగు రకాల మాటలు కలిసిపోయి ఉంటాయి. విడదీసుకోకపోతే ఎంపిక తప్పుతుంది.

లౌక్యంలో చెప్పే విషయం అంతా ఉంటుంది, వినేవాడి గౌరవమూ నిలుస్తుంది. మొహమాటంలో గౌరవం నిలుస్తుంది గానీ విషయం మన గొంతులోనే ఉండిపోతుంది. మొహమాటపడేవాళ్లు తమను తాము సౌమ్యులని అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎదుటివాడి బాధ కోసమే ఆగుతున్నామని పైకి అనిపిస్తుంది. లోపల చూసుకుంటే, అతని మొహం మాడినప్పుడు మనకు కలిగే ఇబ్బందిని తప్పించుకోవడానికే ఎక్కువసార్లు ఆగుతాం.

అవతలి పక్షంలోనూ ఇలాంటి గందరగోళమే. ముక్కుసూటితనం అనే పేరు చాటున నోటిదురుసు తిరుగుతూ ఉంటుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. "ఉన్నదున్నట్టు అనేస్తాను, అది నా గుణం" అనేవారు పై అధికారి ముందు, కాబోయే వియ్యంకుడి ముందు కూడా అలాగే అంటున్నారా చూడండి. అంటుంటే నిజంగా ముక్కుసూటి మనిషే, వాళ్లను నమ్మవచ్చు. కోడలి దగ్గర, పనిమనిషి దగ్గర, చిన్న ఉద్యోగి దగ్గర మాత్రమే ఆ గుణం బయటపడితే అది వేరే సంగతి. "కూరలో ఉప్పు ఎక్కువైంది" అన్న మాట కూర గురించి. "నీకు వంట ఎప్పటికి వస్తుందో" అన్న మాట మనిషి గురించి. రెండో మాటలో కొత్తగా తెలిసే నిజం ఒక్కటీ లేదు.

మొహమాటాన్ని సమర్థించుకోవడానికి మనకు చిన్నప్పుడే ఒక పద్యం అందింది. "నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ" అని అందరికీ నోటికి వచ్చు. దాని మొదటి భాగం అంతగా ఎవరూ తలుచుకోరు. "ఎప్పటికెయ్యది ప్రస్తుత మప్పటికా మాటలాడి" అని మొదలవుతుంది ఆ పద్యం. ఏ సమయానికి ఏది తగినదో ఆ మాట ఆడి, ఆ తర్వాతే మిగతాది. సమయానికి ఆడాల్సిన మాట ఆడకుండా తప్పించుకు తిరిగేవాడిని ఆ పద్యం ధన్యుడనలేదు.

నోరు విప్పేముందు

నేను మొదట చూసుకునేది, మార్చుకోవడానికి ఇంకా సమయం ఉందా అని. మిత్రుడు ఇంటి ప్లాన్ కాగితం మీద గీయించుకున్నప్పుడు "వంటగదికి గాలి రాదేమో, ఒకసారి చూడు" అంటే అది సాయం. గృహప్రవేశం రోజు పాలు పొంగిస్తుండగా "ఈశాన్యం తగ్గినట్టుందే" అన్న బంధువును నేను కళ్లారా చూశాను. ఇల్లాలి మొహంలో ఆ రోజు సంతోషమంతా అక్కడితో పోయింది. గోడ లేచాక గోడ గురించి మాట్లాడి ఏం ప్రయోజనం? కట్టేసిన చీర, తెగిపోయిన బేరం, పుట్టిన బిడ్డకు పెట్టేసిన పేరు, ఇవన్నీ ఇంతే. బాగుందనడానికి ఏదో ఒకటి నిజంగానే కనిపిస్తుంది, వెతికి ఆ మాట చెప్పండి.

రెండోది, మనం ఊరుకుంటే నష్టం ఎవరికి. ఎదుటివాళ్ల డబ్బు, ఆరోగ్యం, ప్రాణం, పెళ్లి, చదువు ఇందులో ఏదున్నా నేను సూటిదనం వైపే మొగ్గుతాను. మన అభిరుచికి నచ్చకపోవడం మాత్రమే అయితే ఊరుకోవడమే మంచిది.

ఇంకొకటి, ఇంతకుముందు ఎన్నిసార్లు మెత్తగా చెప్పాం అని. మొదటిసారి మెత్తగా చెప్పడం మర్యాద. రెండోసారి కొంచెం స్పష్టంగా. మూడోసారి కూడా అదే సన్నటి గొంతుతో చెబితే ఎదుటివాడు అది పెద్ద విషయం కాదని తీర్మానించుకుంటాడు. ఇక నలుగురిలో ఉన్నప్పుడైతే సూటి మాట ఎంత అవసరమైనా ఆగడమే నయం. ప్రమాదం ముంచుకొస్తే తప్ప. కుటుంబ వాట్సాప్ గ్రూపులో మావయ్యగారు పంపిన తప్పుడు వైద్యం చిట్కాకు గ్రూపులోనే జవాబిస్తే ఆయన పరువు కోసం వాదిస్తారు. విడిగా ఫోన్ చేసి చెబితే చాలాసార్లు ఆయనే తీసేస్తారు.

డబ్బు దగ్గర సూటిగానే

డబ్బు సంగతిలో నాకు రెండో ఆలోచన లేదు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని మన పెద్దలు అన్నది ముఖ్యంగా దీని గురించే అని నా నమ్మకం.

ష్యూరిటీ సంతకాన్ని మన ఇళ్లలో ఒక మాట సాయంలా చూస్తారు. చట్టం అలా చూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతని ఆస్తి చూసి, దొరకకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. జీతం క్రమంగా వచ్చే మనిషి మీదకే ముందు రావచ్చు. ఇంత బరువున్న సంతకాన్ని "చూద్దాంలే" మీద వేలాడదీయకూడదు. నేనైతే ఇప్పుడు ఇలా అంటాను: "అన్నా, నేను ఎవరికీ ష్యూరిటీ పెట్టకూడదని అనుకున్నాను. కష్టంగా ఉంటుందని తెలుసు. ఈ నెల గడవడానికి 20 వేలు చేబదులు కావాలంటే ఇస్తాను, అంతకుమించి నా వల్ల కాదు." ఇందులో కాదన్న సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. ఆప్యాయత రెండో వాక్యంలో ఉంది. వరుస తిప్పి, ముందు మన కష్టాలు పది చెప్పి చివర్లో కాదంటే, ఆ పది కష్టాలకూ అతను పది పరిష్కారాలు చెబుతాడు.

ఇచ్చిన డబ్బు అడగడానికి మొహమాటపడేవాళ్లు ఒక గడువు గుర్తుంచుకోవాలి. అడిగినప్పుడు తీరుస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి సాధారణంగా నోటు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే సమయం. ఆ లోపు కొంత జమ కట్టించుకుని నోటు వెనక రాసి సంతకం పెట్టించుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. లేదంటే గడువు లోపే నోటు తిరగరాయించుకోవాలి. "దసరాకి అడుగుదాం, పాపం వాళ్లింట్లో పెళ్లుంది, సంక్రాంతికి అడుగుదాం" అనుకుంటూ మూడేళ్లు గడిపేసినవాళ్లు నాకు తెలుసు. అక్కడ మాట కటువుగా ఉండాల్సిన పని లేదు, తేదీ ఉంటే చాలు. "బావగారూ, ఉగాదికి నోటు రాసుకుని మూడేళ్లు నిండుతాయి. ఈలోగా వీలైనంత జమ వేసి నోటు వెనక సంతకం పెట్టండి. మిగతాది నెమ్మదిగా చూసుకుందాం." బావగారి గౌరవానికి ఏ లోటూ రాలేదు. నోటూ బతికింది.

పెళ్లి సంబంధాల దగ్గర

ఇక్కడ రెండూ కావాలి, వేర్వేరు చోట్ల. సంబంధం వద్దనుకున్నప్పుడు "జాతకాలు కుదరలేదండీ" అనడం మన వాళ్ల ఆనవాయితీ. కొందరు దీన్ని అబద్ధమని తప్పుపడతారు. నేను పట్టను. అమ్మాయి రంగు గురించో అబ్బాయి ఎత్తు గురించో వాళ్ల తల్లిదండ్రులకు చెప్పి సాధించేది ఏముంది? ఆ మాట అర్థం రెండు వైపులా తెలుసు, అది బియ్యం నిండుకున్నాయన్న మాటకు చుట్టం. తప్పు వేరే చోట జరుగుతుంది. "తర్వాత ఫోన్ చేస్తామండీ" అని నెల రోజులు ఫోన్ చేయకపోవడం. అవతలి ఇంట్లో ఇంకో సంబంధాన్ని ఆపుకుని కూర్చుంటారు. కారణం మెత్తగా ఉండొచ్చు, నిర్ణయం మాత్రం రెండు మూడు రోజుల్లో తెలియాలి.

అదే, సంబంధం ముందుకు వెళ్తున్నప్పుడు జబ్బులు, అప్పులు, మునుపటి పెళ్లి, ఉద్యోగం పోయిన సంగతి, ఇలాంటివి దాచడాన్ని లౌక్యమనడం నేను ఒప్పుకోలేను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలన్న సామెతను నేటికీ వాడుతున్నారు. ఆ వెయ్యిలో ఒక్కటి బయటపడ్డా దాని ఫలితం ఆ అమ్మాయో అబ్బాయో జీవితమంతా మోయాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. నిశ్చయ తాంబూలాలకు ముందే, పెద్దలు ఇద్దరు కూర్చుని, కాఫీ తాగుతూ, నెమ్మదైన గొంతుతో పూర్తి నిజం చెప్పుకోవాలి.

జబ్బు విషయంలో

నాకు అన్నిటికన్నా కష్టమైన చోటు ఇది. "ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అని రిపోర్టులు చేతిలో పట్టుకుని గది బయట బతిమాలే కుటుంబాలు మన దగ్గర ఎన్నో. మా మేనమామ విషయంలో మేమూ అదే చేశాం. గ్యాస్ట్రిక్ అన్నాం, అల్సర్ అన్నాం. ఆయన ఆసుపత్రి బోర్డు చదవగలిగిన మనిషి. తనకు తెలుసని మాకు తెలియకూడదని ఆయన, మాకు తెలుసని ఆయనకు తెలియకూడదని మేము, చివరి నాలుగు నెలలు ఒకరి దగ్గర ఒకరం నటించాం. పొలం గట్టు తగాదా గురించి తమ్ముడితో ఒక మాట మాట్లాడాలని ఆయనకు ఉండేదట. ఎప్పుడు మాట్లాడాలో తేల్చుకునే అవకాశం మేము ఇవ్వలేదు.

రోగికి చెడు వార్త ఎలా చెప్పాలో క్యాన్సర్ వైద్యుల కోసం 2000 సంవత్సరంలో ప్రచురించిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది. అందులో నాకు బాగా నచ్చింది వరుస. ముందు ఎవరూ అడ్డురాని చోట కూర్చోవాలి. తర్వాత రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉందో అడగాలి. అప్పుడే విషయం చెప్పాలి. చెప్పాక వచ్చే దుఃఖానికి చోటివ్వాలి. చివర్లో, ఇక ముందు ఏం చేద్దామో మాట్లాడుకోవాలి. నిజం అంతా చెప్పాలా, దాచాలా అని మనం బయట కొట్టుకుంటుంటే, ఈ పద్ధతి ఆ ప్రశ్నను రోగి చేతికే ఇస్తుంది. ఇంట్లోవాళ్లూ ఇది చేయవచ్చు: "మావయ్యా, రిపోర్టుల గురించి డాక్టరుతో నువ్వే మాట్లాడతావా, మమ్మల్ని చూసుకోమంటావా?" కొందరు "మీరే చూసుకోండిరా" అంటారు. వాళ్ల కోరికను మన్నించాలి. అడక్కుండా నిర్ణయించుకున్నందుకు మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

పెద్దవాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. రేడియోలో మాటలు ఒకదాని మీద ఒకటి పడటం, స్పష్టత లేని పదాలు, మంచు. వాటిలో ఒకటి నన్ను వదలదు. బయల్దేరుతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. అవతలి విమానం ఇంకా రన్‌వే దాటలేదా అని అడిగాడు. సంస్థలో ఎంతో పేరున్న సీనియర్ అయిన కెప్టెన్, దాటిందని గట్టిగా అన్నాడు. ఆ ఇంజనీరు అడిగింది ప్రశ్న. "ఆపండి" అనలేదు. ఆ తర్వాతి ఏళ్లలో విమాన సిబ్బందికి, కింది ఉద్యోగి తన అనుమానాన్ని పైవాడి ముందు స్పష్టంగా ఎలా పెట్టాలో ప్రత్యేకంగా నేర్పడం మొదలుపెట్టారు.

మన ఆఫీసుల్లో ప్రాణాలు పోకపోవచ్చు, కానీ తీరు ఇదే. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా మేనేజర్‌తో మాట్లాడే కుర్రాడు "ఐ విల్ ట్రై" అంటాడు. అతని మనసులో అది "కాకపోవచ్చు". అవతలివాడు పని అయిపోతుందని క్లయింటుకు చెప్పేస్తాడు. ఆదివారం రాత్రి టెన్షన్ మొత్తం ఈ కుర్రాడిదే. "సోమవారానికి కాదు సార్, గురువారానికి అవుతుంది. సోమవారమే కావాలంటే రిపోర్టుల భాగం తర్వాత ఇస్తాం" అంటే ఏ మేనేజరైనా ఎంచుకోవడానికి రెండు దారులు దొరుకుతాయి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మర్యాదను 'సార్'లో, 'అండీ'లో, కూర్చున్న తీరులో ఎంతైనా పెట్టండి. తేదీలో, అంకెలో, అవుతుందా కాదా అన్న దాంట్లో పెట్టకండి.

ఇంట్లో

భార్యాభర్తల మధ్య సూటిదనం ఎక్కువైనందుకు గొడవలు వస్తాయని అంటారు. నేను చూసినంతలో, ఆరు నెలలు మెత్తగా మింగినది ఒక రోజు సూటిగా బయటకు రావడం వల్లే ఎక్కువ వస్తాయి. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాటలో ఆ ఆరు నెలలూ ఉంటాయి. "ఆదివారం మీ వాళ్లు వస్తున్నారని నాకు శనివారం రాత్రి చెబితే కష్టంగా ఉంటోంది. గురువారానికల్లా చెప్పు" అన్నది సూటి మాటే, ఎవరి గుణాన్నీ తప్పుపట్టలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం వద్దు. విస్తరి ముందు మొదలైన వాదన ఒకరు అన్నం వదిలేసి లేవడంతో ముగుస్తుంది, అసలు విషయం అక్కడే ఆగిపోతుంది.

అత్తాకోడళ్ల సంగతిలో ఏం చెప్పాలన్న దానికన్నా ఎవరు చెప్పాలన్నది పెద్దది. అత్తగారికి నచ్చని మాట కోడలు ఎంత తీయగా చెప్పినా ఎదురు చెప్పినట్టే వినబడుతుంది. అదే మాట కొడుకు కాస్త కటువుగా చెప్పినా తల్లి సాయంత్రానికి మరిచిపోతుంది. కొడుకులు ఈ పని భార్యల మీద వదిలేసి, తాము మంచివాళ్లుగా ఉండిపోతున్నారు. అది వాళ్లు చేయాల్సిన పని.

పిల్లల పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు సూటిగా మాట్లాడే రోజు కాదు. మార్కులు పిల్లాడికి మీకన్నా ముందే తెలుసు, మీ మొహం ఎలా ఉంటుందో అన్న భయంతోనే వాడు ఇంటికి వస్తాడు. ఆ రోజు అన్నం పెట్టి పక్కన కూర్చోండి. చదువు గురించి, కోర్సు మార్చడం గురించి వారం తర్వాత ఎంత నిక్కచ్చిగానైనా మాట్లాడవచ్చు.

మాట జారాక

కటువుగా అనేశాక చాలామంది చేసే పొరపాటు, మాట తీరుతో పాటు విషయాన్ని కూడా వెనక్కి తీసుకోవడం. "సారీ, నేనేదో కోపంలో అన్నాను, పట్టించుకోకు" అంటే మళ్లీ మొహమాటం దగ్గరకే వచ్చాం. "నలుగురిలో అలా అనడం నా తప్పు, క్షమించు. విషయం మాత్రం మనం మాట్లాడుకోవాలి" అంటే సరిపోతుంది. మెత్తగా చెప్పి అసలు సంగతి దాటేసినప్పుడూ దిద్దుకోవచ్చు: "మొన్న సరిగ్గా చెప్పలేకపోయాను, నా జవాబు కాదనే." మర్నాడే చెబితే మరీ మంచిది.

మాకు ఆరేళ్లు పట్టింది. పోయిన ఏడాది నేనే అన్నయ్యకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. "అన్నయ్యా, డబ్బు సంగతి నాకు ఇంకా కష్టంగానే ఉంది, అది నువ్వు తీర్చాలి. కానీ ఇష్టం లేదని నాన్న మొదటిరోజే నీకు చెప్పి ఉండాల్సింది. అది నీ తప్పు కాదు" అన్నాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "బాబాయికి ఇష్టం లేదా? చూద్దాంలేరా అన్నాడు కదా, పెడతాడనే అనుకున్నాను."

ఇప్పుడు నెలకు 5 వేలు పంపుతున్నాడు. ఏ నెలైనా పదో తేదీ దాటితే నేనే ఫోన్ చేసి అడుగుతున్నాను.